దీపాలదిన్నె కబుర్లు

రండి, కూర్చోండి. కాఫీ వచ్చేలోపు ఒక మాట. మీ ఇంట్లో 14 ఏళ్ల పిల్లలెవరైనా ఉన్నారా? అయితే తొందరపడండి.

అమరావతి మ్యూజియంలో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. మా మనవరాల్ని తీసుకెళ్లినప్పుడు నాకు 5 రూపాయలు, దానికి సున్నా. గుంటూరు నుంచి బస్సు ఛార్జీ, దిగగానే అది తాగిన రెండు గ్లాసుల చెరుకురసం ముందు ఆ 5 రూపాయలు ఒక లెక్కా? అయినా కౌంటరు దగ్గర "నాకు ఫ్రీ, తాతయ్యా!" అంటూ అది పోయిన పోకడ చూసి తీరాల్సిందే.

మనవాళ్లు కృష్ణలో మునుగుతారు, అమరేశ్వరుణ్ణి దర్శించుకుంటారు, మ్యూజియం వైపు చూడకుండా దొరికిన బస్సెక్కేస్తారు. నేనూ చాలా ఏళ్లు ఆ బాపతే.

లోపల మా పిల్ల ఒకచోట ఆగిపోయింది. పలనాటి సున్నపురాయి మీద తామరపూలు పొంగుతున్న కుండ. "ఇది గవర్నమెంటు కాగితాల మీద ఉంటుంది కదూ!" అంది. రాష్ట్ర చిహ్నంలోని పూర్ణఘటం ఇక్కడిదే మరి. నేను నోరు తెరిచేలోపే పట్టేసింది.

ఆ తర్వాతే చిక్కొచ్చింది. "పుస్తకంలో చూసిన మదపుటేనుగు ఏదీ?" బుద్ధుడి ముందు నాళగిరి లొంగిపోయే ఆ శిల్పం చెన్నై ఎగ్మూరులో ఉంది. అక్కడికెందుకెళ్లిందో చెప్పక తప్పలేదు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఈ ఊరు కట్టించే రోజుల్లో, ఈ శిల్పాలన్నీ ఉన్న బౌద్ధ స్తూపం ఒట్టి మట్టిదిబ్బ, పేరు దీపాలదిన్నె. దాని రాళ్లు కట్టడాలకు పోయాయి. 1797లో కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి పలకల్ని మద్రాసు చేర్చాడు. 1859లో వాటిలో చాలా భాగం ఓడెక్కి లండన్ పోయింది. వాటికి 'ఎలియట్ మార్బుల్స్' అని పేరు. దొరగారి పేరు తగలగానే మన సున్నపురాయికి పాలరాయిగా ప్రమోషన్!

"అంటే ఒక్క స్తూపం చూడ్డానికి మూడు ఊళ్లు తిరగాలా?" అంది పిల్ల. తిరగాల్సిందే. బ్రిటిష్ మ్యూజియంలోనూ ప్రవేశం ఉచితమే, ఖర్చల్లా వీసాకూ విమానానికీ. అందుకే ముందు గుంటూరులో అమరావతి బస్సెక్కమంటున్నాను.

అన్నట్టు, మొదటిసారి వెళ్లినప్పుడు మాకు తాళం కప్ప దర్శనమిచ్చింది. తప్పు నాదే. శుక్రవారం వాళ్లకు సెలవు.