బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికో మాట

అర్ధరాత్రి హైవే మీద టార్చి ఊపి లారీ ఆపుతారు. ఆపండి సార్, మీ డ్యూటీ అది. కానీ కాగితాల కట్ట మీదున్న శ్రద్ధ అరిగిన టైరు మీద, వెలగని వెనక లైటు మీద ఉండదేం? డిజీలాకర్‌లో ఆర్‌సీ, ఫిట్‌నెస్ చూపిస్తే "ఒరిజినల్ ఏదిరా?" అంటారు. ఫోన్లో చూపించినా చెల్లుతుందని 2018లోనే కేంద్రం రూల్ మార్చింది.

ఓవర్‌లోడుకి 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2 వేలు ఫైను. సరే, ఆ లోడు ఎత్తించింది డ్రైవరా? చట్టం నడిపినవాణ్ణే కాదు, నడిపించినవాణ్ణీ పట్టుకోమంటోంది. తిట్లు మాత్రం స్టీరింగ్ పట్టుకున్నోడికే!

తప్పుంటే చలానా రాయండి, కడతారు. "ఏరా" అనకండి, రసీదు లేని రూపాయి అడగకండి. అంతే.