పావు చుట్టు

మా మాసీ 1035 ట్రాక్టర్ స్టీరింగు పావు చుట్టు తిప్పేదాకా ముందు చక్రాలకు కబురు అందేది కాదు. నాన్నకు ఆ పావు చుట్టు అలవాటైపోయింది. మలుపు పది గజాల దూరంలో ఉందనగానే చేతులు తిప్పేవాడు. ఇంకెవరెక్కినా బండి గట్టుకూ కాలవకూ మధ్య మెలికలు తిరిగేది. రిపేరు మాటెత్తితే "నాకు బాగానే ఉంది కదరా" అనేవాడు. తన చేతికొక్కదానికే లొంగే బండి అని లోపల గర్వం కూడా ఉండేదనుకుంటాను.

ఒక ఏడు దమ్ము రోజుల్లో, గుడివాడ అవతల మా చేలో గట్టు దాటిస్తుంటే ఎడమ చక్రం దానంతటదే పక్కకు తిరిగిపోయింది. బాల్ జాయింటు గూట్లోంచి ఊడొచ్చి, కడ్డీ బురదలో వేలాడుతోంది. వడ్ల బస్తాల ట్రక్కుతో కాలవ గట్టు మీద ఉన్నప్పుడు ఊడలేదు, అదే పదివేలు.

రిపేరుకు పిలిచిన మేస్త్రీ ముందు పానా తియ్యలేదు. నాన్నను స్టీరింగు అటూ ఇటూ ఊపమని, నన్ను ఒక్కో జాయింటు మీద వేళ్ళు పెట్టమన్నాడు. ఎక్కడ పెట్టినా టకటక. ఈ బండికి రెండు చక్రాలనూ కలిపే అడ్డకడ్డీ లేదు. స్టీరింగు పెట్టెకు రెండు పక్కలా చెరొక డ్రాప్ ఆర్మ్, దాన్నుంచి చెరొక పొడుగు కడ్డీ, ఆ చివర చెరొక చక్రం. పెట్టె లోపల రెండు సెక్టార్లు పళ్ళతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అంటే పావు చుట్టులో జాయింట్ల వాటా ఉంది, పెట్టె వాటా ఉంది, కింగ్ పిన్ బుష్షుల వాటా కూడా ఉంది. గ్రీజు నిపుళ్ళు బురదతో పూడిపోయి ఎన్నాళ్ళయిందో! ఆ తప్పు మాదే.

పాత సామాను గోనెసంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళి, ముక్కకు ముక్క సరిచూసి తెచ్చాం.

జాయింటు పిన్ను కదలకపోతే మేస్త్రీ దాన్ని కొట్టలేదు. పిన్ను పట్టిన కన్నానికి ఒక పక్క బరువు సుత్తి ఆనించి, రెండో పక్క ఒక్క దెబ్బ వేశాడు. టప్పున కిందపడింది. "పిన్ను నెత్తిన కొడితే మర పోతుంది అబ్బాయ్" అన్నాడు. కడ్డీ చివరి పాత జాయింటు ఎన్ని చుట్లకు ఊడొచ్చిందో లెక్కపెట్టడం నా పని. కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి. పదకొండని గోడ మీద బొగ్గుతో రాశాను. పెట్టె విప్పే ముందు తెల్లపంచె పరవమన్నాడు, లోపలి గుండ్లు జారితే కనబడాలని. అమ్మ సణుగుతూనే నాన్న పాతపంచె ఇచ్చింది. అది మళ్ళీ తెల్లబడలేదు.

సెక్టార్ల పళ్ళ మీద గుర్తులుంటాయి. అవి ఒకదానికొకటి ఎదురుపడాలి. తొలిసారి ఒక పన్ను తప్పింది. చక్రాలు రెండూ అలిగిన తోడికోడళ్ళలా చెరో దిక్కు చూశాయి. మళ్ళీ విప్పాల్సివచ్చింది. ఆ కాసేపూ మేస్త్రీ ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున నాన్న ఎక్కాడు. కొట్టం మలుపు పది గజాలుందనగా చేతులు తిరిగాయి. ఈసారి చక్రాలు కూడా వెంటనే తిరిగాయి. బండి నేరుగా గడ్డివాములోకి దూసుకుపోయింది.

"స్టీరింగు చెడగొట్టావయ్యా!" అన్నాడు, నెత్తిన గడ్డితో దిగుతూ.

"పొలంలో రెండు గంటలు తిప్పండి బాబాయ్ గారూ, అలవాటవుద్ది" అని మేస్త్రీ బీడీ వెలిగించుకున్నాడు.

అలవాటు కాలేదు. ఆ దమ్మంతా నేనే నడిపాను. నాన్న మడ్‌గార్డు మీద కూర్చునేవాడు. ప్రతి మలుపుకూ పది గజాల ముందే మోకాళ్ళ మీద ఆయన చేతులు తిరిగేవి.