ఎవరి ఊరు అధ్వాన్నం?

ఉన్న ఊరును తిట్టుకోవడంలో వున్న సుఖం పొగడడంలో లేదు. పొగిడితే వినేవాడు ఆవులిస్తాడు. తిడితేనో, "అదేమంత ఘనం, మా ఊరు చూడవలసింది!" అంటూ కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. ఇది మేము చాలాకాలంగా గమనిస్తున్న సంగతి. మేము అంటే మా ఇంటావిడతో కలిపి అన్నమాట. ఆవిణ్ణి వదిలిపెట్టి ఒంటరిగా ఫిర్యాదు చేసే అధికారం ఇంట్లో ఎవరికీ లేదు.

2025 ఫిబ్రవరిలో మా నాన్నగారి సంవత్సరీకానికి అందరం బళ్ళారిలో చేరాం. మద్రాసు నుంచి అన్నయ్యా వదినా, ఠాణా నుంచి అక్కయ్యా బావగారూ, బెంగుళూరు నుంచి మేము. మద్రాసును చెన్నై అనాలని తెలుసును గాని, మా ఇంట్లో ఆ పేరు యింకా నోటికి ఎక్కలేదు. కర్మకాండ అయింది, భోక్తలు వెళ్ళారు, మేమూ భోజనాలు ముగించి హాల్లో చాపలు పరుచుకున్నాం. అమ్మ గోడకు ఆనుకొని తమలపాకులు తుడుస్తూ కూర్చుంది. ఆ పూట మాట్లాడుకోవలసిన సంగతి ఒకటి వుంది. అది ఎవరూ ఎత్తలేదు. ఊళ్ళ సంగతి ఎత్తారు.

అన్నయ్యది వేళచ్చేరి. చుట్టూ చెరువులూ చిత్తడినేలా వున్న పల్లంలో ఇల్లు కట్టుకున్నాడు. 2015 డిసెంబరు వరదల్లో కింది వాటా మునిగి, మూడు రాత్రులు పైవాటా వాళ్ళ ఇంట్లో తలదాచుకున్నారు. 2019 వేసవిలో చూస్తే అదే ఊళ్ళో చెరువులన్నీ ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైలుబండిలో నీళ్ళు తెప్పించారు. "అయితే మునగాలి, లేకపోతే ఎండాలి. మా ఊరికి మధ్యస్థం తెలియదు" అన్నాడు అన్నయ్య. ఇక కారు సంగతి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వస్తున్నదనగానే వేళచ్చేరి జనమంతా తమ కార్లు తీసుకుపోయి ఫ్లైఓవరు మీద వరసగా నిలబెట్టి వచ్చారు. పత్రికల్లో ఫోటోలు గూడా పడ్డాయి. "వంతెన దేనికి? దాటడానికి అంటారు మీరు. మాకు అది కార్లు ఎండేసుకునే అరుగు" అని ముగించాడు.

అక్కయ్య వూరుకుంటుందా? వాళ్ళది ఘోడ్‌బందర్ రోడ్డు. గుజరాతుకు పోయే లారీలూ, నావా షేవా రేవుకు పోయే లారీలూ అన్నీ ఆ తోవనే. గాయ్‌ముఖ్ ఘాటు దగ్గర ఒక్క లారీ మొరాయించిందంటే వెనక వున్న వాళ్ళందరూ ఒకరికొకరు చుట్టాలయిపోవలసిందేనట. బజ్జీలవాడు కార్ల మధ్యకు వచ్చి అమ్ముకుపోతాడట. "వానలు ఒక్కరోజు తెరిపి ఇస్తే గుంతలు కనిపిస్తాయి, లేకపోతే అవీ కనపడవు" అంది. ఆ తరువాత బావగారిని ముందుకు తోసింది. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. మా బెంగుళూరులో ఏడాది మొత్తానికి పడేది ఇంచుమించు అంతే. ఆ సాయంకాలం బావగారు ఆఫీసులో బయలుదేరి, రైళ్ళు ఆగిపోతే పట్టాల వెంట నడిచి, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఇంటికి చేరారు. ఆయన మితభాషి. "చెప్పులు పోయినవి" అన్నారు, అంతే. కాని ఆ మాట దగ్గర అన్నయ్య కొంచెం తగ్గాడు.

ఇక మా వంతు. మాకు దిగులు లేదు. మా దగ్గర అంకెలు వున్నాయి. నెదర్లాండ్సులో టామ్‌టామ్ అనే కంపెనీ ఒకటి ఏటేటా లోకంలోని ఊళ్ళ రాకపోకల నెమ్మది కొలుస్తుంది. వాళ్ళ 2024 లెక్క ప్రకారం బెంగుళూరులో 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాల 10 సెకన్లు. ప్రపంచంలో మూడో స్థానం. కలకత్తా మమ్మల్ని 23 సెకన్లతో కొట్టింది గాని, చాపల మీద కూర్చున్న వాళ్ళలో కలకత్తా వాడు ఎవడూ లేడు. మద్రాసూ బొంబాయీ మా దరిదాపులకు రావు. ఇది చెప్పేటప్పుడు మా గొంతులో గర్వం వినిపించిందని తరువాత మా ఇంటావిడ అన్నది. నిజమే కాబోలు.

మేముండేది మహదేవపుర వైపు, ఔటర్ రింగురోడ్డుకు రెండు సందుల అవతల. ఆ రోడ్డు నిజానికి ఊరి లోపలికి రాకుండా బయటి బళ్ళు బయటే తిరిగిపోవడానికి వేసినది. ఆఫీసులన్నీ వచ్చి ఆ రోడ్డు మీదే కూర్చున్నాయి. సిల్క్ బోర్డు కూడలి అంటే పట్టుపరిశ్రమ ఆఫీసు వున్న చోటు. ఆ పేరు వింటే ఇప్పుడు పట్టుచీర గుర్తుకు వచ్చేవాళ్ళు ఊళ్ళో లేరు. 2022 సెప్టెంబరు వానల్లో ఆ రోడ్డు చెరువయి, కంప్యూటరు ఉద్యోగస్థులు ట్రాక్టర్లెక్కి పనులకు పోయారు. మా అబ్బాయి గూడా పోయాడు. వాడి తాతగారు ఎడ్లబండి ఎక్కి పరీక్షకు పోయారు గనక వంశానికి కొత్తేమీ కాదు. బెళ్ళందూరు చెరువు మాత్రం కొత్తే. నీళ్ళకు నిప్పంటుకోవడం మేము కథల్లో గూడా వినలేదు. 2018 జనవరిలో ఆ చెరువు అంటుకుంటే సైనికులు దిగి ఆర్పవలసి వచ్చింది. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయినప్పుడు మేము ట్యాంకరు నీళ్ళతో స్నానాలు వంతులేసుకొని, విస్తరాకుల్లో తిన్నాం.

"అదీ సంగతి! ఇలాంటి ఊళ్ళో మనుషులు ఎట్లా వుంటారు చెప్పండి?" అన్నాం మేము.

ఆ మాట అన్నాక హాల్లో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే ముగ్గురం మూడు చోట్ల చెప్పిన మాట అదే, "ఇలాంటి ఊళ్ళో మనుషులు ఎట్లా వుంటారు?" నాన్నగారు పోయి ఏడాది అయింది. కౌల్‌బజారు ఇంట్లో అమ్మ ఒక్కతే. ఆమెకు డెబ్భై ఎనిమిది. ఎవరి దగ్గర వుండాలి అనేదే ఆ పూట మాట్లాడుకోవలసిన సంగతి. పోటీ ఎవరూ అనుకొని మొదలుపెట్టినది కాదు. ఒట్టు పెట్టమంటే పెడతాం. అయినా అన్నయ్య వరద చెప్పినప్పుడూ, అక్కయ్య లారీలు చెప్పినప్పుడూ, మేము చెరువు మంటలు చెప్పినప్పుడూ ఎవరి కళ్ళూ అమ్మ వైపు పోలేదు. అది మాత్రం మాకు గుర్తుంది.

అమ్మ తమలపాకులు మడిచి పళ్ళెంలో పెట్టి, "ఏమప్పా, అన్ని కష్టాలు పడి ఇంత దూరం వస్తిరా మీరు? నాకేమి, నేను ఇక్కడే బాగుండాను" అంది.

బళ్ళారి బాగున్న ఊరని పాఠకులు అనుకోవద్దు. వేసవిలో బండరాయి వేడి. రాత్రి రెండింటికి గూడా గోడలు కాలుతుంటాయి. ఎర్రమట్టి గిరాకీ రోజులు, అంటే చీనా దేశం ఇనుపరాయి కావాలన్న రోజులు, మేమే చూశాం. హొసపేట రోడ్డు మీద లారీ వెనక లారీ, ఒకదాని తోక ఇంకోదాని నోట్లో. మేము పండక్కు పోయేటప్పుడు కారు తెల్లగా బయలుదేరి కుంకుమరంగుతో చేరేది. నాన్నగారి పంచెలు ఎన్నిమార్లు ఉతికినా ఎరుపు పోక, చివరికి ఆయన కాషాయం కట్టుకున్నానని నవ్వేవారు. అమ్మ రోజూ పొద్దున తడిగుడ్డతో తులసి ఆకులు ఒక్కొక్కటే తుడిచేది. 2011 జూలైలో సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు ఆపించాక లారీలు ఆగినాయి. ఆమెకు ఆ ఆకులు తుడిచే అలవాటు మాత్రం ఆగలేదు. మొన్న తమలపాకులు తుడుస్తున్నప్పుడు గూడా అదే చేయి, అదే తీరు.

ఇన్నేళ్ళలో ఆమె నోట బళ్ళారి మీద ఒక్క ఫిర్యాదు మేము వినలేదు. నాన్నగారే ఒకటి చెప్పేవారు, అదీ ఫిర్యాదు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, ఆదోనీ ఆలూరూ రాయదుర్గమూ అటు పోయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అప్పుడాయనకు పన్నెండేళ్ళు. "రాత్రి మద్రాసు రాష్ట్రంలో పడుకొని పొద్దున మైసూరు రాష్ట్రంలో లేచినాం. పరుపు గూడా కదపలేదు" అనేవారు. ఊరు మారలేదు గదా అని ఆయన మరి కదలలేదు.

సరే, ఏమీ తేలకుండానే ఎవరి ఊళ్ళకు వాళ్ళం వెళ్ళాం. పక్కింటి ఆటో అబ్బాయికి మా ముగ్గురి నంబర్లూ ఇచ్చాం. అదొక ఏర్పాటు అనుకున్నాం.

ఆగస్టులో ఒక సాయంకాలం అయిదున్నరకు ఆ అబ్బాయే ఫోను చేశాడు. అమ్మ పెరట్లో జారిపడింది, తుంటి దగ్గర నొప్పి అంటున్నది, ఆసుపత్రికి తీసుకుపోతున్నాను అని. ఆరింటికి మేము కారు తీశాం. వాన పడుతున్నది.

బెంగుళూరు నుంచి బళ్ళారి 300 కిలోమీటర్ల పైచిలుకు. తుమకూరు, హిరియూరు, చళ్ళకెరె మీదుగా పోవాలి. నెలమంగల దాటితే మంచి రోడ్డే. కాని నెలమంగల దాటాలి గదా! టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఒక గంట నిలబడ్డాం. గంట అంటే గంటే, మా ఇంటావిడ గడియారం చూస్తూనే వుంది. మెట్రో స్తంభాలకు కట్టిన రేకుల పక్కన నీళ్ళు మోకాటి లోతు. ఫోనులోని ఆడగొంతు "నేరుగా వెళ్ళండి" అని చెప్పి చెప్పి ఊరుకుంది.

అక్కడ మా వెనక అంబులెన్సు వచ్చింది. దాని ఎర్రదీపం మా అద్దంలో తిరుగుతున్నది, కూత చెవిలో దూరుతున్నది. పక్కకు తీద్దామంటే ఎడమన బస్సు, కుడిన రేకులు, ముందర లారీ. మా ఇంటావిడ వానలో దిగి ముందు లారీ తలుపు కొట్టింది. లారీవాడూ దిగి ఇంకా ముందువాణ్ణి బతిమాలాడు. అందరూ మంచివాళ్ళే. ఒక్కరూ కసరలేదు. మేమందరం కలిసి చక్రం గట్టు మీదకు ఎక్కించీ, మూరెడు వెనక్కి తీసీ, ఆ బండిని ఇరవై నిమిషాలలో నాలుగు కార్లు ముందుకు పంపగలిగాం. లోపల ఎవరున్నారో అద్దాలకు ఆవిరి పట్టి కనపడలేదు. ఒక చేయి మాత్రం సీసా ఎత్తి పట్టుకొని వుంది.

సిల్క్ బోర్డునూ బెళ్ళందూరునూ చెప్పి చాప మీద నవ్వించినవాళ్ళం, ఆ ఇరవై నిమిషాల సంగతి ఇంతవరకు అన్నయ్యకు గాని అక్కయ్యకు గాని చెప్పలేదు. ఇదే మొదటిసారి.

నెలమంగల దాటేసరికి తొమ్మిది కావస్తున్నది. 35 కిలోమీటర్లకు దాదాపు మూడు గంటలు. తక్కిన దూరమంతటికీ నాలుగున్నర. రాత్రి ఒంటిగంటన్నరకు ఆసుపత్రి మెట్లెక్కాం. అమ్మను పదినిమిషాల్లో అక్కడ చేర్చాడట ఆ అబ్బాయి. ఫోటో తీసి, ఎముక చిట్లిందని తేల్చి, నొప్పికి సూది వేసి మంచం మీద పడుకోబెట్టారు. అబ్బాయి వసారాలో బల్ల మీద నిద్రపోతున్నాడు. ఆటో కిరాయి ఇవ్వబోతే చేతులు వెనక్కు పెట్టుకున్నాడు.

అమ్మ మేలుకొనే వుంది. మమ్మల్ని చూసి, "మీ ఊరు దాటేదానికే మూడు గంటలు పట్టెనంట గదా. ఎంత అవస్థ పడితిరిరా, పాపం" అంది.

ఆమె అన్న తీరులో వెటకారమేమైనా వున్నదా అని మేము చాలా రోజులు ఆలోచించాం. లేదు. అదే వచ్చిన చిక్కు.

ఆపరేషనూ అదీ అయి, ఆరు వారాలకు ఆమెను బెంగుళూరు తీసుకువచ్చాం. ఈ మాటు ఎవరం ఎవరినీ అడగలేదు, అమ్మ గూడా వద్దనలేదు. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాం గనక ఊరు మాకు దారి ఇచ్చింది. తులసి కుండీ కాళ్ళ దగ్గర పెట్టుకొని వచ్చింది. మూడో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేశాం. అక్కడి నుంచి సందు చివర రింగురోడ్డు ముక్క ఒకటి కనపడుతుంది. ఆ వైపు కుర్చీ వేయవద్దు, పొగ, గోల, అని మా ఇంటావిడ అన్నది. అమ్మ వినలేదు. వాకరు పట్టుకొని పొద్దున ఒకసారీ, సాయంత్రం ఒకసారీ పోయి కూర్చుంటుంది. ఏ రంగు బస్సు ఎన్నిసార్లు పోయిందో, పచ్చసంచి మోటారుసైకిలు అబ్బాయిలు ఎందరు వాన్లో తడిశారో ఆమెకు తెలుసు. మాకు తెలియదు.

మొన్న అక్కయ్య ఫోను చేసింది. మాటలు మాకు వినపడుతున్నాయి.

"బాగుందే ఇక్కడ. ఎవరూ పరుగెత్తరు. అన్ని బండ్లూ మనింటి ముందర నిలబడి నిలబడి నిదానంగా పోతాయి. దినమ్మూ తిరునాళ్ళే అనుకో" అన్నది అమ్మ.

అటునుంచి అక్కయ్య నవ్వింది. తరువాత, పండగ వెళ్ళాక కొన్నాళ్ళు ఠాణా రమ్మని అడిగింది.

"మీ రోడ్డులో గూడా ఇన్ని బండ్లు ఉంటాయా?"

అక్కయ్య కొంచెంసేపు ఏమీ అనలేదు.

"ఇంతకంటే ఎక్కువే వుంటాయమ్మా" అన్నది.

"అట్లయితే వస్తాలే" అన్నది అమ్మ.