చెకుముకిరాళ్ల పట్టణము

ఇంగ్లండునందలి సఫోకు మండలములో బ్రాండను అను చిన్న పట్టణము గలదు. అచ్చటి యిండ్ల గోడలు పెక్కు చెకుముకిరాళ్లతో గట్టబడి యుండుట చూచితిమి. సమీపమున గ్రైమ్స్ గ్రేవ్స్ అను పురాతనపు గనులున్నవి. సుమారు 4,500 సంవత్సరముల క్రిందట జనులు దుప్పికొమ్ములతో నేలను ద్రవ్వి యీ రాతిని దీసిరి. మేము 9 మీటర్ల లోతునకు దిగి చూచితిమి.

పూర్వము మన పొయ్యిలో నిప్పు రాజేసిన చెకుముకియే యాకాలపు తుపాకికిని ప్రాణము. మీట నొక్కగనే రాయి యుక్కురేకును గొట్టును. రవ్వలు రాలి మందు అంటుకొనును. 1800లో ఆంగ్లసైన్యమునకు వచ్చిన బేకర్ రైఫిలు ఇట్టిదే. నెపోలియనుతో జరిగిన యుద్ధములలో ఆ సైన్యమునకు రాళ్లను ముఖ్యముగా సమకూర్చినది బ్రాండనే. పాత తుపాకులను సేకరించి గురికి గాల్చు వేడుకకాండ్రలో చేతితో చెక్కిన రాళ్లను గోరువారు నేటికిని గలరు.

సోదరీమణులారా! ఈ వేడుక వెనుక నొక దుఃఖము గలదు. రాళ్లు చెక్కునపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని, పనివాండ్రు పెక్కండ్రు అకాలమరణము నొందిరి. తుపాకి యుద్ధభూమికి బోకమున్నే దాని రాయి యిచ్చటి యిండ్లలో దీపము లార్పినది. గోడపై వ్రేలాడు తుపాకి సొగసును మెచ్చునపుడు ఆ యిల్లాండ్రనుగూడ దలపవలయును.