చపాట మిర్చి పడితేనే ఆ రంగు

ఏం వదినా, వాసన మీ దాకొచ్చిందా? చిల్లీ చేస్తున్న. చిల్లీ చికెన్ గాదు, అమెరికోళ్లు వండుకునే రాజ్మా కూర. మా బిడ్డ డల్లాస్‌ల ఉంటది గదా, చలికాలమొస్తే అక్కడ ఇదే వండుకుంటదంట. టెక్సాస్‌ వాళ్లు 1977ల దీన్ని తమ రాష్ట్ర వంటకమని ప్రకటించుకున్నరు. వాళ్లది మాంసంతోటి చేసేది. గింజలేస్తే అది చిల్లీయే గాదనేటోళ్లు అక్కడ శానమంది. మనం మాంసం వెయ్యం గాబట్టి బలమంతా గింజలదే. అందుకే నేను రాజ్మా దండిగ వేస్త.

ఒక్కటి మాత్రం యాది పెట్టుకో. రాజ్మా రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబొయ్యి. కొత్త నీళ్లల్ల తక్కువల తక్కువ 10 నిమిషాలు బాగ మసలాలె. సరిగ్గ ఉడకని రాజ్మాల విషముంటది వదినా. కొన్ని గింజలు తిన్నా వాంతులు, విరేచనాలైతయి. మీ కోడలు స్లో కుక్కర్ కొన్నదంటివి గదా, అండ్ల పచ్చి రాజ్మా వెయ్యనియ్యకు. ఆ సన్న వేడికి విషం చావది. మన సీటీల కుక్కరే నయం. గింజ వేళ్ల నడుమ మెత్తగ నలిగేదాక టమాటా వెయ్యకు, పులుపు తగిలితే గింజ తొందరగ ఉడకది.

కూరగాయలంటవా? ఎర్రగడ్డ రైతు బజార్ల దొరికేటివే. గుమ్మడికాయ ముక్క, క్యారెట్, క్యాప్సికం, లేత మక్క కంకి గింజలు. గుమ్మడి సగం కరిగిపోయి పులుసు చిక్కగైతది, వేరే పిండి కలపనక్కర్లేదు.

ఇగ అసలు సంగతి మిరపకాయల ఉన్నది. మిరప పుట్టింది మెక్సికో దిక్కు, మన దేశానికి తెచ్చింది పోర్చుగీసోళ్లు. అక్కడ ఈ కూరల వేసే ఎండుమిర్చికి కారం తక్కువ, రంగెక్కువ. గుంటూరు కారం వేసినవనుకో, నాలుక మండుడే తప్ప వేరే రుచి తెల్వది. మన వరంగల్ చపాట మిర్చి దీనికి సరిగ్గ సరిపోతది. బుడ్డగ, ఎర్రగ ఉంటది, కొందరు టమాటా మిర్చి అంటరు. 2025ల దానికి జీఐ గుర్తింపొచ్చింది, నాకెంత సంబురమైందో! గింజలు తీసి వేడినీళ్లల్ల నానబెట్టి మెత్తగ నూరు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఎర్రగ వేగినంక ఆ ముద్ద, జీలకర్ర పొడి, ధనియాల పొడి వేసి నూనె తేలేదాక తిప్పు. అప్పుడు టమాటా, కూరగాయలు, ఆఖరుకు రాజ్మా దాని ఉడుకునీళ్లతోని. పిజ్జాతోని ఇచ్చే ఒరిగానో పొట్లాలు ఇంట్ల పడుంటయి గదా, ఒకటి చల్లు.

పిల్లలు హైటెక్ సిటీల రైలెక్కితే పక్క స్టేషనే మన బోరబండ. ఆకలి మీద వస్తరు, జొన్నరొట్టెతోని పెట్టు. రేపటికైతే ఇంకా రుచి.

గిన్నె ఇటియ్యి వదినా, వేడిగున్నప్పుడే పోస్త.