వెన్నముద్ద

పాలలో వెన్న యున్నదని అందఱకును తెలియును. కాని పాలకుండలోనికి తొంగిచూచిన వానికి అది కనబడదు. దానిని వెలికి తీయుటకు ఒక రాత్రి యోర్పును, ఒక ప్రొద్దుటి శ్రమయు కావలెను. నేడు వెన్న అంగడిలో కాగితపు పొట్లములలో దొరకుచున్నది. పైకము చెల్లించి తెచ్చుకొన్న చాలును. అయినను ఇంట చిలికిన వెన్నకు ఒక విశేషము కలదు. అంగడి వెన్న ఒంటరిగ వచ్చును. ఇంటి వెన్న తనతోగూడ కుండెడు చల్లను తెచ్చును. ఈ రెండింటిలో ఏది ఎవరికి చెందవలెనను ప్రశ్నకు ఒక్కొక్క కాలము ఒక్కొక్క విధముగ సమాధానము చెప్పినది. ఆ సమాధానములను గ్రహించినచో ఒక పల్లెటూరి బ్రదుకు చాలవఱకు మనకు తెలియును.

రుద్రంగి యను గ్రామము తెలంగాణ రాష్ట్రములో కోరుట్లకును వేములవాడకును నడుమ నున్నది. అది పూర్వము కరీంనగర్ జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున కొత్త జిల్లాలు ఏర్పడినపుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరి, మండల కేంద్రమైనది. జిల్లా పేరులోని రాజన్న వేములవాడలో వెలసిన రాజరాజేశ్వరస్వామియే. కోరిక యీడేరినచో కోడెను తెచ్చి గుడిలో కట్టుదుమని ఆ స్వామికి మ్రొక్కుకొనుట ఈ ప్రాంతపు ఆచారము. పశువు ఇంటికి సంపద. దేవునికి అర్పింపదగిన కానుక. ఈ సీమలో గేదెను బఱ్ఱె యందురు. మజ్జిగను చల్ల యందురు.

ఇట్టి పల్లెలలో పాడి గల ఇండ్ల పెరటి మూలను పూర్వము దాలి యుండెడిది. దాలి యనగా పిడకలు పేర్చి నిప్పు రాజబెట్టిన గుంట. మంట లేక కణకణలాడు ఆ నిప్పుపై పాలకుండ నుంచి మూత పెట్టెడివారు. పాలు పొంగవు, మాడవు. గంటల తరబడి మెల్లగ కాగి ఎఱ్ఱబాఱును. పైని మీగడ మందముగ కట్టును. సాయంకాలము ఆ పాలను గోరువెచ్చగ చల్లార్చి, ముందటి నాటి చల్లను కొంచెము కలిపి తోడు పెట్టెడివారు. పిల్లికి అందకుండ కుండను ఉట్టిపై నుంచెడివారు. తెల్లవాఱునప్పటికి పెరుగు గట్టిగ తోడుకొనియుండెడిది.

ఆ పెరుగును కడవలో పోసి, కొంచెము నీరు చేర్చి, కవ్వము దింపుదురు. కవ్వపు కఱ్ఱను ప్రక్కనున్న గుంజకు వదులుగ కట్టి, నడుమ త్రాడు చుట్టి, త్రాటి కొనలను రెండు చేతులతో ఒకదాని వెంట ఒకటి లాగుదురు. కుడిచేయి లాగినపుడు కవ్వము ఒక వైపునకును, ఎడమచేయి లాగినపుడు మఱియొక వైపునకును తిరుగును. తొలుత చప్పుడు పలుచగ నుండును. కొంత సేపటికి నురుగు లేచి చప్పుడు మందగించును. మఱికొంత సేపటికి కవ్వము బరువెక్కి, ధ్వని మాఱి, నురుగు విఱిగి, ఆవగింజలంతటి వెన్నపూసలు కవ్వపు ఱెక్కల నంటుకొనును. చిన్న గిన్నె పట్టుకొని ప్రక్కను కూర్చున్న మనుమరాలు "ఇంకా రాలేదా అవ్వా?" అని పదిసారులు అడుగును. "ఆగు బిడ్డా, కవ్వం చప్పుడు మారనీ" అని అవ్వ చెప్పును. గడియారము చూచి వెన్న తీయువారు లేరు. చెవితో విని తీయుదురు.

ఈ చెవి విద్య వెనుక ఒక శాస్త్రము కలదు. పాలలోని కొవ్వు కంటికి కనబడని చిన్న చిన్న బిందువుల రూపమున నుండును. ప్రతి బిందువు చుట్టును ఒక పలుచని పొర యుండుటచే అవి ఒకదానితో నొకటి కలియవు. కవ్వము త్రిప్పినపుడు ఆ బిందువులు గాలిబుడగలకు తగులుకొని, ఒండొంటితో రాచుకొని, పొరలు చినిగి, పూసలుగ గుమిగూడును. ఆవుపాలలో నూటికి సుమారు 4 పాళ్లు, గేదెపాలలో సుమారు 7 పాళ్లు కొవ్వుండును. కావున గేదె గల ఇంట వెన్న యెక్కువ. ఆవు మేసిన పచ్చిగడ్డిలోని కెరోటిన్ అను పసుపు పదార్థము కొంత దాని వెన్నలోనికి వచ్చును. గేదె యట్లుగాక దానిని విటమిన్ ఏ గ మార్చుకొనును. అందుచేత ఆవువెన్న పసుపు ఛాయతోను, గేదెవెన్న తెల్లగను ఉండును. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగ మార్చుచు, డయాసిటైల్ మొదలగు సువాసన పదార్థములను పుట్టించును. పెరుగు చిలికి తీసిన వెన్నకు గల కమ్మని వాసన వీనివలననే కలుగుచున్నది.

వెన్నకు వేడి పడదు. మిక్కిలి చలియు పడదు. వేసవిలో పెరుగు వెచ్చబడినచో కొవ్వు మెత్తబడి నూనెవలె జారును గాని పూసకట్టదు. చలికాలమున కొవ్వు గట్టిపడి, ఎంత త్రిప్పినను బిందువులు ఒకటి కావు. అందుచే వేసవిలో కడవలో చన్నీళ్లును, చలికాలమున గోరువెచ్చని నీళ్లును పోయుదురు. వేసవిలో ప్రొద్దు పొడవకముందే కవ్వము పట్టుటకును ఇదియే కారణము. వెన్న వచ్చిన పిదప ఇంకను త్రిప్పుట పొరపాటు. అప్పుడు పూసల నడుమ చల్ల చిక్కుకొని, వెన్న జిగటగ మాఱి, త్వరగ పులియును. పని ఎప్పుడు మొదలుపెట్టవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపవలెనో తెలియుటయు అంత ముఖ్యము.

పూసలను తీయుటకు ముందు చేతిని చన్నీళ్లలో ముంచుదురు. లేనిచో వెన్న చేతికి అంటుకొనును. తీసిన వెన్నను చన్నీళ్లలో వేసి, నీరు తేటపడువఱకు రెండు మూడు మాఱులు కడిగి, ముద్ద చేసి నీరు పిండుదురు. తీపివెన్న చేయదలచినవారు ఈ ముద్దను వెడల్పయిన గిన్నెలో వేసి, చెక్కగరిటెతో గిలకొట్టవలెను. గాలి చేరినకొలది వెన్న ఉబ్బి, తెల్లబడి, దూదివలె తేలికయగును. 100 గ్రాముల వెన్నకు రెండు పెద్ద చెంచాల పటికబెల్లపు పొడియు, రెండు ఏలకుల పొడియు చాలును. వానిని కొద్దికొద్దిగ చల్లుచు మఱల గిలకొట్టవలెను. పటికబెల్లమునకు మాఱుగ బెల్లము వాడవచ్చును. కాని దానిని పొడిగనే కలుపవలెను. వేడిపాకము పోసినచో వెన్న కరగి, చేరిన గాలి యంతయు పోవును. తేనె వాడినచో చుక్కచుక్కగ చేర్చవలెను. ఒక్కసారి పోసినచో నీరు విడివడును. ఇట్లు చేసిన తీపివెన్న వేడి జొన్నరొట్టెపై వేసికొని తినుటకు మిక్కిలి రుచిగ నుండును. ఉప్పు లేని వెన్న గనుక దీనిని చల్లని చోట నుంచి రెండు మూడు దినములలో ముగింపవలెను.

వెన్నను తీపిచేసి తినుట మన పల్లెలకే పరిమితము కాదు. ఉత్తరదేశమున కృష్ణునకు వెన్నయు పటికబెల్లమును కలిపి నైవేద్యము పెట్టుదురు. కాశీలో చలికాలపు ప్రొద్దుటివేళ, చిలికిన పాలనురుగులో చక్కెరయు కుంకుమపువ్వును కలిపి "మలయ్యో" యను పేర అమ్ముదురు. ఎండ యెక్కినచో అది కరగిపోవును. ఐరోపావారు వెన్నలో తేనె గిలకొట్టి రొట్టెకు రాచుకొందురు. టిబెట్టువారు మాత్రము వెన్నను ఉప్పుతో చేర్చి తేనీటిలో త్రాగుదురు. మన తెలుగువారికి వెన్న యనగానే బమ్మెర పోతన భాగవతములోని బాలకృష్ణుడు తలపునకు వచ్చును. ఇంటి నిండ పాడి యుండగా ఆ బాలుడు వెన్నను దొంగిలింపవలసి వచ్చుట ఏల? ఈ ప్రశ్నకు పల్లెటూరి బ్రదుకే సమాధానము చెప్పును.

పాడియింట వెన్న తినుటకన్న దాచుటకే యెక్కువగ నుద్దేశింపబడెడిది. పాలు ఒకపూట గడచిన విఱిగిపోవును. వెన్న కొన్ని దినములు నిలుచును. నెయ్యి నెలల తరబడి నిలుచును. బాటలును బండ్లును చాలని కాలమున పాడిని దూరపు సంతకు చేర్చుటకు నెయ్యియే సాధనము. ఆ నేతి పైకమే ఉప్పునకును, గుడ్డలకును, పండుగ ఖర్చులకును అక్కఱకు వచ్చెడిది. కావున పిల్లలకు దక్కినది కవ్వపు ఱెక్కల నంటిన వెన్నయు, అవ్వ అఱచేతిలో పెట్టిన ఉసిరికాయంతటి ముద్దయు మాత్రమే. అందులో తీపి కలియుట అరుదైన భాగ్యము.

చల్ల మాట వేఱు. చల్లను అమ్ముట తగదని పల్లెలలో భావించెడివారు. చిలికిన నాడు ఇరుగుపొరుగువారు ముంతలు తెచ్చుకొనెడివారు. పొలము పనికి పోవువారు జొన్నగటకలోనో అంబలిలోనో ఆ చల్లను కలుపుకొని త్రాగెడివారు. "చల్లకు వచ్చి ముంత దాచనేల" యను సామెత ఈ ఆచారమును మనకు గుర్తుచేయుచున్నది. ఆ సామెతను మఱికొంత లోతుగ ఆలోచింపవలెను. వచ్చినవారు ముంతను కొంగు చాటున ఎందులకు దాచిరి? అడుగుటకు సిగ్గుపడి దాచిరి. ఇచ్చువారి యింట పశువు లుండెను. పుచ్చుకొనువారి యింట లేవు. కులభేదములు గట్టిగ పాటించిన కాలమున అందఱును ఒకే గడప యొద్ద నిలువగలిగిరని చెప్పుటకును వీలులేదు. చల్ల పంపకములో దయ యున్నమాట నిజము. ఎచ్చుతగ్గులు ఉన్నమాటయు నిజము.

క్రమముగ కాలము మాఱినది. స్వీడన్ దేశీయుడగు గుస్తాఫ్ డి లావాల్ 1878లో పాలను వేగముగ త్రిప్పి మీగడను వేఱుచేయు యంత్రమును నిర్మించెను. కవ్వము గంటసేపు చేయు పనికి యంత్రము తోడ్పడసాగెను. మన దేశమున గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు 1946లో పాల సహకార సంఘమును స్థాపించుకొనిరి. 1965లో ఆనందు పట్టణమున జాతీయ పాడిపరిశ్రమ అభివృద్ధి సంస్థ ఏర్పడెను. వర్గీస్ కురియన్ నాయకత్వమున 1970లో ఆ సంస్థ ప్రారంభించిన పథకమువలన ఊరూర పాలు సేకరించు పద్ధతి దేశమంతట వ్యాపించెను. నేడు తెలంగాణలో విజయ డెయిరీ, కరీంనగర్ డెయిరీ మొదలగునవి పల్లెల నుండి పాలు సేకరించుచున్నవి. పాలలోని కొవ్వును పరికరముతో కొలిచి, దానిని బట్టి ధర కట్టుదురు. ఒకనాడు కవ్వమునకు పూసలై చిక్కిన కొవ్వు నేడు చీటిపై అంకె యగుచున్నది.

ఈ మార్పువలన మేలు చాల కలిగినది. పాల సొమ్ము క్రమము తప్పక చేతికి వచ్చును. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల నుండి పలువురు పురుషులు బ్రదుకుతెఱువునకై గల్ఫు దేశములకు పోవుదురు. ఇంట నున్న స్త్రీలు బీడీలు చుట్టియు, పశువులను సాకియు సంసారము నడుపుచుందురు. వారికి ప్రతిదినము గంటసేపు కవ్వపు త్రాడు లాగు శ్రమ తప్పుట చిన్న మేలు కాదు. ఒకప్పుడు చల్లకు ముంత తెచ్చుకొన్న కుటుంబము అప్పు చేసియైన ఒక బఱ్ఱెను కొన్నచో, వారి పాలకును అదే కొలత, అదే ధర. వారు ఇంకొకరి గడప యొద్ద నిలువనక్కఱలేదు. పాత కాలమే మంచిదనువారు ఒక్కనాడైన ముంత పట్టుకొని నిలిచి చూడవలసినది.

కాని పాలన్నియు క్యానులోనికే పోయినచో ఇంటికేమి మిగులును? పాలు పితికిన యింటనే పిల్లలు పలుచని చాయతో సరిపెట్టుకొనుట కలదు. వీధికి ఉచితముగ వచ్చిన చల్ల నేడు పొట్లములలో అమ్ముడగుచున్నది. చప్పుడు విని వెన్నను గుర్తించు నేర్పు అవ్వ చేతి నుండి మనుమరాలి చేతికి రాకున్నచో, తరువాత దానిని నేర్పువారు ఉండరు. కొవ్వు శాతము ఎంతయో చెప్పగల పరికరము వెన్న యెప్పుడు వచ్చునో చెప్పదు.

కావున పాలను అమ్ముకొనుట తప్పు కాదు. అందులో కొంత ఇంటికి ఉంచుకొనుట అవసరము. లీటరు గేదెపాలలో సుమారు 70 గ్రాముల కొవ్వు కలదు. ప్రతిదినము కాచిన పాల మీగడను తీసి, తోడు వేసి, ఫ్రిజ్‌లో దాచి, వారమున కొకసారి చిలికిన చాలును. కవ్వము లేనివారు మూత బిగువైన సీసాలో సగము వఱకు ఆ మీగడను, కొంచెము చన్నీటిని పోసి కుదిపినను వెన్న వచ్చును. అది పిల్లలే చేయగల పని. కుదుపుచున్నపుడు సీసాలోని ధ్వని ఎట్లు మాఱుచున్నదో వారు శ్రద్ధగ వినవలెను. పెద్దలు ఆ చోట "ఇదిగో" అని చెప్పక, పిల్లలే కనుగొనువఱకు ఊరకుండుట మంచిది.

వచ్చిన వెన్న కొంచెమే యైనను, పటికబెల్లము కలిపి ఇంటిల్లిపాది పంచుకొనవచ్చును. సీసా యడుగున చెంబెడు చల్ల మిగులును. దానిని ప్రక్కింటివారికి ఇయ్యదలచినచో, వారు ముంత దాచుకొని వచ్చువఱకు ఆగనక్కఱలేదు. తామే తీసికొనిపోయి ఇచ్చుట మేలు.