పంపు విప్పే ముందు పైపు చూడండి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన తండాల్లో, కాలనీల్లో లారీని నమ్ముకుని బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. అందులో ఒక్క ఇంటికి పనికొచ్చినా చాలు.

మేము ఇద్దరం అన్నదమ్ములం. ఎర్రగుంట్ల దగ్గర సుగాలి తండా మాది. మాలో పెద్దోడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ చేశాడు. చిన్నోడు ఇంటర్ మధ్యలో ఆపి క్లీనర్‌గా పోయి, తర్వాత డ్రైవర్ అయ్యాడు. మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊర్లు తిరిగినోళ్లని అవ్వ చెప్తుంటుంది. మేము పది టైర్ల పాత లారీలో నాపబండలు మోస్తున్నాం. బండి ఫైనాన్స్‌లో ఉంది. నెల నెలా కంతు కట్టాలి, చెల్లెలి కాలేజీ ఫీజు కట్టాలి. బండి ఒక్క రోజు నిలబడితే ఆ రెండిట్లో ఒకటి నిలబడినట్టే.

కొన్న ఐదో నెలలో రోగం మొదలైంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజన్ గిరగిరా తిరిగేది, అందుకునేది కాదు. పది పన్నెండు సార్లు కొడితే దగ్గుతూ అందుకునేది. ఐదు నిమిషాలు బండి మొత్తం ఊగిపోయేది, తెల్లపొగ వచ్చేది. తర్వాత కుదురుకునేది గానీ, లోపల ఎక్కడో ఒక మిస్సింగ్ మాత్రం పోయేది కాదు. నిడుజివ్విలో లోడ్ ఎత్తుకుని మిట్ట ఎక్కాలంటే లాగేది కాదు. టీకి ఆపి పది నిమిషాల్లో మళ్లీ కొడితే మాత్రం ఒక్క దెబ్బకే స్టార్ట్. రాత్రంతా నిలబెడితేనే మొండికేసేది. అందుకని రాత్రి ఎక్కడ ఆపినా ముందు పల్లం వెతుక్కునేవాళ్లం, పొద్దున దొర్లించి గేర్ వేయొచ్చని.

మొదటి తప్పు మాదే. ఎవరో బ్యాటరీలు వీక్ అన్నారు. నాయన మేకలు అమ్మి డబ్బిస్తే రెండు కొత్త బ్యాటరీలు వేశాం. మరుసటి రోజు పొద్దున అదే కథ. ఇంజన్ జోరుగా తిరుగుతోందంటే బ్యాటరీ బాగానే ఉన్నట్టు కదా! పెద్దోడు ఇది ఐటీఐలో చదివినదే. అయినా ఆ రోజు నోరు లేవలేదు.

తర్వాత ఒక పంపు షాపుకు పోయాం. ఆయన బండి దగ్గరికి కూడా రాలేదు. "పంపు పోయిండాది. పంపు, ఆరు నాజిళ్లు అన్నీ చేయాల. 45 వేలు అయితాది" అన్నాడు. పెద్దోడు మెల్లగా "అన్నా, ఎక్కడన్నా ఎయిర్ పడుతోందేమో ఒకసారి చూద్దామా" అన్నాడు. ఆయన నవ్వి, "తండా నుంచి వచ్చి నాకే నేర్పిస్తావా అబ్బీ" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. మేము తలొంచుకుని వచ్చేశాం. ఆ రాత్రి అమ్మ చెవి కమ్మలు తీసి గుడ్డలో కట్టింది. చెల్లెలు "నా ఫీజు వచ్చే నెల కడదాంలే అన్నా" అంది. ఆ మాటకు మాకు నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు లోడింగ్ దగ్గర ఒక ఎరుకల మామ కలిశాడు. ముప్పై ఏళ్లుగా లారీ తోలినాయన. అంతా విని ఒకటే అడిగాడు: "సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్‌లో పొగ వస్తాందా, ల్యాదా? చూసినారా?" మేము చూడలేదు! ఇన్ని రోజులు స్టార్ట్ అయ్యాక వచ్చే పొగనే చూశాం.

ఆ రాత్రి కమ్మలు అమ్మొద్దని అమ్మతో చెప్పాం, రెండు రోజులు గడువు అడిగాం. పొద్దున చిన్నోడు సెల్ఫ్ కొడితే పెద్దోడు సైలెన్సర్ దగ్గర నిలబడ్డాడు. ఇంజన్ తిరుగుతోంది, పొగ అసలు లేదు. తిప్పేటప్పుడు తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి పోతోంది గానీ మండటం లేదని అర్థం. పొగే లేదంటే డీజిల్ పైదాకా రావడమే లేదు. వెంటనే ఫీడ్ పంపు మీదుండే చేతి పంపు గట్టిపడేదాకా కొట్టాం. సెల్ఫ్ ముట్టుకోగానే బండి అందుకుంది. అంటే రాత్రిపూట లైన్‌లోకి గాలి దూరి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది.

ఎక్కడ దూరుతోంది? ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పేసి, ఒక క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, కొత్త పైపుతో నేరుగా ఫీడ్ పంపుకు కలిపాం. రిటర్న్ పైపు కూడా అందులోనే పెట్టాం. క్యాన్‌ను ట్యాంకు ఎత్తులోనే ఉంచాం. పైన కడితే డీజిల్ దానంతట అదే దిగి వస్తుంది, అప్పుడు పరీక్ష అబద్ధం చెప్తుంది. రాత్రంతా అట్లే వదిలేశాం. తెల్లారి కొడితే ఒక్క దెబ్బకు స్టార్ట్. పంపులో ఏ రోగమూ లేదు. రోగమంతా ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపులో ఉంది.

వెతికితే ఛాసిస్‌కు రాసుకునే చోట రబ్బరు పైపు సన్నగా పగిలి ఉంది. బయట ఒక్క చుక్క డీజిల్ లేదు, అందుకే ఎవరి కంటా పడలేదు. అది పీల్చే పైపు. అందులో చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చిల్లుపడిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు. పైపు, క్లిప్పులు, రాగి వాషర్లు మార్చాం.

స్టార్టింగ్ బాగైంది, మిస్సింగ్ మాత్రం ఉండిపోయింది. రెండు రోగాలు ఒకేసారి ఉండొచ్చని మాకు అప్పుడే తెలిసింది. ఐడ్లింగ్‌లో పెట్టి నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కొంచెం వదులు చేసి, మళ్లీ బిగించుకుంటూ పోయాం. బాగున్న సిలిండర్ నట్టు వదిలితే ఇంజన్ శబ్దం పడిపోవాలి. నాలుగో దానికి మాత్రం ఏ తేడా రాలేదు. ఆ నాజిల్‌ను రెండో సిలిండర్‌లో వేసి, రెండో దాన్ని నాలుగులో వేశాం. మిస్సింగ్ రెండో సిలిండర్‌కు వచ్చేసింది. అంటే తప్పు నాజిల్‌ది, ఇంజన్‌ది కాదు. అది ఒక్కటే పట్టుకుని ప్రొద్దుటూరులో ఇంకో షాపుకు పోయాం. టెస్టింగ్‌లో పెడితే మంచులా చిమ్మాల్సింది ధారగా కారింది. ఒక్క నాజిల్ మార్పించాం. మొత్తం ఖర్చు 4 వేలు దాటలేదు.

మొదటి షాపాయన చెప్పిన దాంట్లో నాజిల్ సంగతి కొంత నిజమే. చూడకుండా చెప్పడం ఆయన తప్పు. తెలిసి కూడా నోరు మూసుకోవడం మా తప్పు.

రాసి పెట్టుకోండి. ముందు ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూడండి. మెల్లగా తిరిగితే బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడండి. తర్వాత పొగ. నల్లపొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి. మన దగ్గర సిమెంటు దుమ్ము, ఆర్‌టీపీపీ బూడిద, బండల పొడికి అది తొందరగా మూసుకుపోతుంది. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ మండుతోంది. తర్వాత డీజిల్ ఫిల్టర్లు, ట్యాంకు అడుగున నీళ్లు, పీల్చే పైపు. ఆ తర్వాత నాజిళ్లు. పంపు అన్నిటికన్నా చివర.

ఒక హెచ్చరిక. నట్లు వదిలే పని పాత ఇన్‌లైన్ పంపు బండ్లకే. అప్పుడు కూడా చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లు, అంతకుముందు వచ్చిన కామన్ రైల్ బండ్లు అసలు ముట్టుకోవద్దు. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్ పైనే ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. వాటికి స్కానర్ పెట్టించండి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర గుడ్డ వెలిగించి స్టార్ట్ చేయడం మేమూ ఒకరోజు చేశాం. మీరు చేయకండి.

ఐటీఐ చదివే తమ్ముళ్లూ, వర్క్‌షాపులో విప్పి బిగించింది పరీక్ష కోసం మాత్రమే అనుకోవద్దు. ఎవరన్నా నవ్వితే నవ్వనీండి, అడగాల్సింది అడగండి. మేము ఆ రోజు గట్టిగా అడిగుంటే అమ్మ కమ్మలు తీసేదే కాదు. నాయన మేకలు ఎట్లా తిరిగి రావు. చెల్లెలి ఫీజు మాత్రం ఆ నెలలోనే కట్టాం.